గడ్డం గీయవద్దన్నారు

బస్‌స్టాండు వెనక సందులో, టైర్ల దుకాణానికీ మందుల షాపుకూ మధ్య, రెండే కుర్చీలు పట్టే క్షౌరశాల ఒకటి ఉంది. దాని యజమానిని అందరూ పటాలం బాబాయి అంటారు. సైన్యంలో ఇరవై రెండేళ్లు పనిచేసినా ఆయన తుపాకీ పట్టలేదు, కత్తెర పట్టాడు. కొత్తగా చేరిన కుర్రవాళ్ల జుట్టు మొదట కత్తిరించినవీ, పోరుకు బయలుదేరేవాళ్ల గడ్డాలు నున్నగా గీసి పంపినవీ ఆ చేతులే. దానివల్ల ఆయనకొక విద్య అబ్బింది. మనిషి వచ్చి కుర్చీలో కూర్చోగానే సైనికుడవునో కాదో పోల్చేస్తాడు. సైనికుడి వీపు కుర్చీకి ఆనదు. అరచేతులు మోకాళ్ల మీద ఉంటాయి. చెప్పకముందే గడ్డం పైకెత్తుతాడు.

వంతెన కిందా, మూతపడిన సినిమా హాలు వరండాలోనూ పడుకునేవాళ్లకు ఆయన ఉచితంగా క్షౌరం చేసేవాడు. అలా ఒక్కొక్కరే వచ్చి కూర్చోగా, పద్నాలుగుమంది వీపులు కుర్చీకి ఆనలేదు. సరిహద్దున జానెడు నేల పోయిందంటే అట్టుడికిపోయే జనం, ఆ నేలను కాచి వచ్చినవాడు నడుం వాల్చడానికి ఆరడుగుల చోటు చూపలేదు. ఆ సంగతి తెలిసిననాడు రగిలిన కోపం ఆయనలో మరి చల్లారలేదు.

అద్దం పక్కన చందా డబ్బా ఒకటి పెట్టాడు. డబ్బాకన్నా ఆయన నోరే ఎక్కువ పనిచేసేది. నురగ పూసి, కత్తి గొంతు దగ్గరికి చేరాక మొదలుపెట్టేవాడు.

"వంతెన కింద ఎవరుంటున్నారో ఎప్పుడైనా చూశారా సార్?"

"ఊఁ..."

"తల ఊపకండి, తెగుతుంది. నేనే చెబుతాను."

తువ్వాళ్లు ఆరేస్తూ ఆయన భార్య అనేది: "మా ఆయన గీసేది గడ్డాలు, కొరికేది చెవులు. రెండింటికీ కలిపి ఒకటే రేటు, భయపడకండి."

ఆ డబ్బాతో దుప్పట్లు వచ్చాయి, మందులు వచ్చాయి. ఇంటి కప్పు మాత్రం రాలేదు. అప్పుడు ఊళ్లోని సేవాసంఘం కదిలింది. మాజీ సైనికుల కోసం ఎనిమిది గదుల ఇల్లు కట్టిస్తామనీ, నిధి కోసం పెద్ద సభ జరుపుతామనీ ప్రకటించింది. సంఘం కార్యదర్శి ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చాడు. ఆ సమయానికి అక్కడ ఆ పద్నాలుగుమందిలో ఒకడైన మెకానిక్ ఉన్నాడు. సైన్యంలో లారీలు బాగుచేసినవాడు. జ్వరంతో రెండు నెలలు ఆసుపత్రిలో ఉండి రావడంతో గడ్డం రొమ్ముదాకా పెరిగి ఉంది. ఫొటో తీయించాక కార్యదర్శి బాబాయిని పక్కకు పిలిచాడు.

"ఈయన్ని ఇలాగే ఉంచండి. సభ అయ్యేదాకా గడ్డం గీయకండి."

"గడ్డంతో మీకేం పని సార్?"

"నున్నగా ఉంటే ఎవరిస్తారు బాబాయ్? చూడగానే గుండె తరుక్కుపోవాలి. స్టేజీ మీద పక్కనే నిలబెడతాం."

ఇచ్చేవాడు సిగ్గుతో ఒదిగి ఇవ్వాలన్నారు ఋషులు. వినయం దాతకు విధించారు గాని, పుచ్చుకునేవాడికి దైన్యం విధించలేదు. ఈ కాలపు దాతలు ఆ నియమాన్ని తలకిందులు చేసుకున్నారు. తాము కరగాలంటే ఎదుటివాడు కుళ్లి కనిపించాలట. బాబాయికి ఒళ్లు మండింది. అయినా ఎనిమిది గదులు కళ్లముందు మెదిలి, సరేనని తల ఊపాడు.

మెకానిక్ ఎప్పుడు వచ్చినా బాబాయి ఏదో ఒక సాకు చెప్పేవాడు. ఒకనాడు కత్తి సాన పట్టించాలన్నాడు. ఒకనాడు రద్దీగా ఉందన్నాడు. ఇలా ఆరు వారాలు గడిచాయి. ఆ మధ్యలో మెకానిక్ ఒక గ్యారేజీకి పని అడగడానికి వెళితే, కాపలావాడు గేటు బయటే నిలిపి పొమ్మన్నాడు.

ఆపైన టైర్ల దుకాణం ఆసామి ఒక కబురు తెచ్చాడు. ఒక బడిలో బస్సుల షెడ్డుకు మెకానిక్ కావాలట. మైదానం చివర షెడ్డు, దాని వెనకే గది. ఆ గదికి కూతవేటు దూరంలో మరో ఇల్లు లేదు. మెకానిక్ నిద్రలో కేకలు పెడతాడు. ఆ కేకలకు జడిసి ముగ్గురు యజమానులు అతణ్ణి ఖాళీ చేయించారు. అతడు వీధిన పడింది అందువల్లే. అలాంటి గది మళ్లీ దొరకదు. గురువారం ఉదయం పదింటికి రమ్మన్నారు. సభ ఆదివారం.

"మూడు రోజులేగా, వాయిదా అడగమనండి," అన్నాడు కార్యదర్శి. బాబాయి స్వయంగా బడికి వెళ్లి అడిగాడు. ప్రిన్సిపాలమ్మ మర్యాదగానే చెప్పింది: ఇంకో ఇద్దరు వస్తున్నారు, ఆగడం కుదరదు.

బుధవారం సాయంత్రం మెకానిక్ వచ్చాడు.

"రేపు వెళ్లనులే అన్నా. ఆదివారం దాకా గడ్డం ఉండనీ."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఒకరు చెప్పాలా? నీ కత్తి మొద్దుబారడం ఈ సందులో ఎవరైనా చూశారా? సాన పట్టించాలన్ననాడే తెలిసింది. పోనీలే, మనవాళ్లకి గదులొస్తాయంటే నా గడ్డం ఎంత?"

బాబాయి గుడ్డ తీసి అద్దం తుడిచాడు. తుడవడానికి అందులో ఏమీ లేదు.

"తప్పు నాది తమ్ముడూ. కప్పు కోసం నీ మొహం తాకట్టు పెట్టాను. ఆ గేటు దగ్గర నిన్ను గెంటించింది నేనే. కూర్చో."

"వద్దన్నా. సభ పాడవుతుంది."

"కూర్చోమన్నాను. ఇది హుకుం."

"క్షురకుడి హుకుం ఎవడు వింటాడు?"

"కత్తి చేతిలో ఉన్నవాడి మాట ఎవడైనా వింటాడు."

మెకానిక్ నవ్వి కూర్చున్నాడు. వీపు కుర్చీకి ఆనలేదు.

మర్నాడు బడి గేటు దగ్గర కాపలావాడు లేచి నిలబడి "రండి సార్" అన్నాడు. చదువు అదే, చేతులు అవే, చొక్కా కూడా అదే. తీసేసింది పిడికెడు వెంట్రుకలు. ఒక మనిషి మనిషిగా లెక్కకు రావడానికి అడ్డుపడింది ఆ పిడికెడే అయితే, అది ఉంచమన్నవాళ్లను ఏమనాలి? మధ్యాహ్నానికి గది తాళం అతడి చేతికి వచ్చింది.

శనివారం బాబాయి బేరాలు కట్టిపెట్టి, మిగిలిన పదమూడుమందికీ వరసగా గడ్డాలు గీశాడు. ఆయన భార్య ఇల్లిల్లూ తిరిగి ఉతికిన చొక్కాలు తెచ్చింది.

ఆదివారం హాలు నిండింది. కార్యదర్శి చెమటలు కక్కుతూ వచ్చాడు.

"మీ మెకానిక్ ఏడీ?"

"పనిలో చేరాడు సార్."

"సరే, ఇంకా పదమూడుమంది ఉన్నారుగా. గడ్డం పెరిగినవాణ్ణి ఒకణ్ణి పట్టుకురండి."

"ఎవరికీ లేదు. నిన్ననే గీసేశాను."

కార్యదర్శి నోరు తెరుచుకుని ఉండగానే బాబాయి వేదిక ఎక్కి మైకు అందుకున్నాడు.

"మీరు చూడాలనుకున్నవాళ్లు ఈ హాల్లోనే కూర్చున్నారు. మీ మధ్యనే. ఎవరో పోల్చుకోండి."

జనం పక్కలకు చూసుకున్నారు. ఎవరూ ఎవరినీ పోల్చలేకపోయారు. బాబాయి సైగ చేయగా పదమూడుమందీ లేచారు. మూడో వరసలో ఒకావిడ, అప్పటిదాకా పక్కాయనతో కరపత్రం పంచుకుని చదువుతున్నది, తన చేతిసంచిని మెల్లగా ఒళ్లోకి లాక్కుంది.

"అమ్మా, ఇందాక ఆ సంచి ఆయన పక్కనే ఉంది," అన్నాడు బాబాయి, గొంతు పెంచకుండా. "ఇప్పుడేం మారింది?"

ఆనాడు చందాలు అనుకున్నదానిలో సగం కూడా వసూలు కాలేదు. సంఘం అధ్యక్షుడైన సోఫాల వ్యాపారి సభ పరువు తీశారని నొచ్చుకుని ఇంటి సంగతి వాయిదా వేశాడు.

సోమవారం పని దిగాక మెకానిక్ దుకాణానికి వచ్చాడు.

"మనలో దగ్గు ఎక్కువున్నది ఎవరికన్నా?"

"సినిమా హాలు పెద్దాయనకి. దేనికి?"

"గదిలో రెండో మంచం పడుతుంది. నేను అరిస్తే ఆయన లేస్తాడు, ఆయన దగ్గితే నేను లేస్తాను."

"ప్రిన్సిపాలమ్మని అడిగావా?"

"అడిగాను. ఆయన కూడా అరుస్తాడా అంది. లేదమ్మా, అరిచేది నేనే అన్నాను. సరే, దుప్పటి తెచ్చుకోమనమంది."

మూడువందలమంది కూర్చున్న సభలో ఒక్కరికీ తోచని మాట అది. తోచినవాడు గదిలో దిగి ఇంకా ఐదు రోజులు కాలేదు. బాబాయి గల్లాపెట్టెకు తాళం వేసి, దుప్పటి చంకన పెట్టుకుని, అతడి వెంట సినిమా హాలు వైపు నడిచాడు.