పది తలలవాడిని ఎక్కడ పెట్టాలి?

జావా నుంచి వచ్చిన సుర్యో మా తల్లాడ ఇంట్లో దిగి రెండు రోజులైంది. అక్కడ అతను తోలుబొమ్మలు ఆడిస్తాడు. మన వనవాసం కథే వాళ్ల కథ కూడా. భద్రాచలంలో ముత్తమ్మ అనే పెద్దావిడ దగ్గరున్న తోలుబొమ్మలు చూపిస్తానని అతనికి మాటిచ్చాను. పొద్దున్నే ఫోన్ చేస్తే ఆమె కోడలు పిడుగులాంటి మాట చెప్పింది. "మామ పోయినంక బొమ్మలాడించెటోళ్లు లేరు సార్. అత్తమ్మ పది గంటలకు బొమ్మలన్నీ గోదాట్ల కలుపుతదంట." ఆడని బొమ్మల్ని పారే నీటికిచ్చేయడం వాళ్ల ఆచారమట.

ఆరున్నరకు కారెక్కాం, రానూపోనూ కిరాయి మూడున్నర వేలు. ఏన్కూరు, కొత్తగూడెం మీదుగా రెండున్నర గంటల దారి. పాల్వంచ దాటాక అడవిలో రాత్రి వానకు చెట్టు అడ్డంగా పడి ఉంది. నలభై నిమిషాలు పోయాయి. "జల్దీ పోనీ సైదులూ" అని డ్రైవర్‌ని పీక్కుతిన్నాను. "బండికి రెక్కల్లేవు సార్" అన్నాడు. సుర్యో మాత్రం మాటిమాటికీ గడియారం చూసుకున్నాడు.

పదికి ఐదు నిమిషాల ముందు రేవు చేరేసరికి ముత్తమ్మ పడవ ఎక్కబోతోంది. సుర్యోకి చూపించాలన్న తొందరలో పడవలోని రెండు బొమ్మల మూటల్నీ లాక్కొచ్చి మెట్టు మీద ఒకదానిపై ఒకటి కుమ్మరించాను. "అయ్యో, రెండు మూటలు కలిపినవా సారూ!" అని ఆమె గుండె బాదుకుంది. నేను చర్చి పాటల మధ్య పెరిగినవాణ్ణి, చేసిన తప్పేమిటో కూడా తెలియలేదు.

సుర్యో మోకాళ్ల మీద కూర్చుని బొమ్మల్ని వేరు చేశాడు. వనవాసానికి వెళ్లినవాళ్లు కుడివైపు, పది తలలవాడూ వాడి పరివారమూ ఎడమవైపు. ఒక్కటీ తప్పలేదు.

"మీ దేశంల గూడ వీళ్లను వాళ్లను కలపరా?" అందామె. నేను ఇంగ్లిష్‌లో అడిగితే అతను కలపమన్నట్టు తల అడ్డంగా ఊపి, పది తలల బొమ్మను పైకెత్తి తన భాషలో గర్జించాడు. ముత్తమ్మ, వాడి చెరలో ఉన్న అమ్మవారి బొమ్మను అందుకుని తెలుగులో జవాబిచ్చింది. ఆమె కళ్లు కారుతూనే ఉన్నాయి, గొంతు మాత్రం వణకలేదు.

"అవ్వా, పోదమా?" అన్నాడు పడవవాడు.

"ఇయ్యాల వద్దు. మా ఆయన పోయినంక ఈ పది తలలోడు మూగబోయిండనుకున్న. మాట్లాడెటోణ్ణి నీళ్లల్ల ఎట్లేస్తరయ్యా?"

ఒకే కథ రెండు దేశాలదని చదివినప్పుడు నాకేమీ అనిపించలేదు. ఎవరి పక్కన ఎవరిని పెట్టకూడదో కూడా ఇద్దరిదీ ఒకే పట్టింపని చూశాకే ఆ మాట నమ్మాను. పక్కింటి కథ నాకే తెలియనందుకు సిగ్గూ వేసింది. వెళ్లేవాళ్లకు ఒక్క మాట: వానాకాలంలో పాల్వంచ దారికి ఒక గంట అదనంగా పెట్టుకోండి. బొమ్మల మూటలు రెండు కనిపిస్తే, ఎంత తొందరైనా, ముట్టుకునే ముందు అడగండి.