పియానో ఉన్న ఇంట్లో

మొన్న ఆదివారం మా ఆడపడుచు ఆఖరి పియానో కచేరీ జరిగింది. కుడిచేతి వేళ్లు మొండికేస్తున్నాయని, ఇక స్టేజీ మీద వాయించనని, తను పాఠాలు చెప్పే కాలేజీలోనే వీడ్కోలు కచేరీ పెట్టుకుంది. మిషిగన్‌లో మేముండే నోవై ఊరి నుంచి నేనూ మా ఆయనా మంచులో డ్రైవ్ చేసుకుంటూ వెళ్లి రెండో వరసలో కూర్చున్నాం. అంతా అయ్యాక మైకు పట్టుకుని టీచర్లకీ అమ్మానాన్నలకీ థాంక్స్ చెప్పి, చివర్లో నావైపు చెయ్యి చూపించింది. తను ప్రాక్టీస్ చేసుకోవడానికి వాళ్ల వదిన ఏళ్ల తరబడి ఇంటిని నిశ్శబ్దంగా ఉంచిందని ఇంగ్లీషులో చెబితే హాలంతా చప్పట్లు. లేచి నిలబడమన్నారు. లేచాను, నవ్వాను, దణ్ణం పెట్టాను. లోపల మాత్రం ఒళ్లు భగ్గున మండింది. ఆ నిశ్శబ్దమేదో నేను ముచ్చటపడి ఇచ్చిన కానుకన్నట్టు మాట్లాడుతుందేమిటి ఈవిడ!

పెళ్లై నేనా ఇంట్లో కాలుపెట్టేటప్పటికి తను హైస్కూల్లో ఉంది. ఇంట్లో అన్నిటికన్నా మంచి గది పియానోది. గాలి పొడిబారితే దాని చెక్కకి మంచిది కాదని, ఆ గదిలో ప్రత్యేకంగా ఓ హ్యుమిడిఫయర్ రాత్రీపగలూ ఆవిరి చిమ్ముతుండేది. మేడ మీద మా గదిలో పెదాలు పగిలి నెత్తురొచ్చినా అడిగే దిక్కు లేదు. మామగారూ మా ఆయనా కార్ల కంపెనీలో ఇంజనీర్లు. అత్తగారు గుడికి వెళ్దామంటే మంచు పడుతోందనే మనిషి, కూతుర్ని మాత్రం ఎంత తుఫానులోనైనా రష్యన్ టీచరమ్మ ఇంటికి తీసుకెళ్లి, పాఠం అయ్యేదాకా కారులోనే కూర్చునేవారు. స్కూలు నుంచి వచ్చి తను పియానో మూత తీసిందంటే ఇంట్లో కర్ఫ్యూ పెట్టినట్టే. మిక్సీ వెయ్యకూడదు. కుక్కర్ విజిల్ రాకూడదు. అది ఒక శ్రుతిలో కూస్తుందట, తను వాయించేది మరో శ్రుతిలో ఉంటుందట. ఇక్కడ మనవాళ్లు గరాజ్‌లో ఓ స్టవ్ పెట్టుకునేది చేపల పులుసు వాసన ఇంట్లోకి రాకుండా. మా అత్తగారు పెట్టించింది చప్పుడు రాకుండా. జనవరి చలిలో నైటీ మీద పెద్ద కోటు, కాళ్లకి స్నో బూట్లు వేసుకుని పప్పులో పోపు పెట్టిన కోడలు నోవై మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను. లోపల తను పాటలో ఒక చిన్న ముక్కనే పట్టుకుని సాయంత్రమంతా అరగదీస్తుండేది.

నేను మాత్రం ఊరికే వచ్చానా? బొబ్బిలి వీణని పసిపిల్లలా విమానంలో మోసుకొచ్చాను. విజయనగరంలో చిన్నప్పట్నుంచీ నేర్చుకున్నాను, రేడియోలో వాయించాను. పెళ్లిచూపుల్లో మామగారు "మా ఇంట్లో సంగీతమంటే ప్రాణం" అన్నప్పుడు ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఎవరి సంగీతమో అడగాలని తోచలేదు. తను స్కూలుకి వెళ్లాక ఆ గదిలోనే మూలన చాప వేసుకుని వాయించుకునేదాన్ని. పనిచేసే వీసా లేక ఉద్యోగం లేదు, కారు నడపడం రాదు, ఈ దేశంలో నాదంటూ ఉన్నది అదొక్కటే. ఓ శనివారం తను వాయిస్తూ వాయిస్తూ ఆపేసి, "వదినా, నేను ప్లే చేస్తుంటే నీ వీణ సౌండ్ చేస్తోంది" అంది. నిజమే. పియానో గట్టిగా మోగితే పక్కనున్న వీణ తీగలు వాటంతటవే సన్నగా పలుకుతాయి. నాకది ముద్దొచ్చింది, తనకి చిరాకొచ్చింది. మేడ మీదికి మార్చినా వినబడుతూనే ఉందంది. "ఆ బజ్ నా బుర్రలో స్టక్ అయిపోతోంది. కాంపిటీషన్ వస్తోంది కదా, గరాజ్‌లో పెట్టించు, ప్లీజ్."

"కాంపిటీషన్ అయ్యేదాకానేలే అమ్మాయ్" అన్నారు అత్తగారు. మా ఆయన చెల్లెల్ని చూసి, నన్ను చూసి, వీణకి రజాయి చుట్టి మరీ తీసుకెళ్లి గరాజ్‌లో పెట్టొచ్చారు. వెచ్చగా ఉంటుందట! మనిషికైతే రజాయి పనిచేస్తుంది, కొయ్యకి ఒంట్లో వేడెక్కడిది? ఇంజనీర్లున్న ఇల్లు, ఒక్కరికీ తట్టలేదు. చలికాలం పోయాక రజాయి విప్పితే మెట్లని పట్టి ఉంచే మైనం పెళుసెక్కి అవి ఊడిపోయాయి, పనస చెక్కతో చేసిన కుండ పైనుంచి కిందికి నిలువునా చీలిపోయింది. మిషిగన్‌లో బాగుచేసేవాళ్లెవరు? అత్తగారు "అయ్యో" అన్నారు. తను కాంపిటీషన్ గెలిచిందని ఆ సాయంత్రమే ఇంటికి అందరూ వచ్చారు. నేనే గులాబ్ జామూన్ వండి పెట్టాను.

తర్వాత తను న్యూయార్క్‌లో పెద్ద మ్యూజిక్ కాలేజీలో చదివింది, ఆర్కెస్ట్రాలతో వాయించింది, యూరప్ తిరిగింది. అనుకున్నంత పేరు రాలేదు గాని, తిరిగొచ్చి కాలేజీలో ప్రొఫెసరైంది. ఇంకో వీణ కొనుక్కోవచ్చుగా అంటారు నాతో కొందరు. వీణ కొనుక్కోవచ్చు, ఆ వయసులో ఉన్న వేళ్లని ఎక్కడ కొంటారు? తను బాగా వాయించదని నేననను. అక్కడే నా కడుపుమంట. మొన్న కూడా నెమ్మదిగా సాగే ముక్క ఒకటి వాయిస్తుంటే నా కళ్లు తడిశాయి, ఆ కళ్ల మీద నాకే కోపమొచ్చింది. చెత్తగా వాయించి ఉంటే ఎప్పుడో క్షమించేసేదాన్ని.

కచేరీ అయ్యాక లాబీలో పూలగుత్తులతో నా దగ్గరికొచ్చింది. కుడిచేతి వేళ్లు పట్టట్లేదని గుత్తులన్నీ ఎడమచేతికి మార్చుకుంది. పాపం అనాలి, అనబుద్ధి కాలేదు. "ప్లే చేయకుండా ఎలా ఉంటానో నాకు తెలీట్లేదు వదినా" అని నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "నువ్వు కూడా వీణ వాయించేదానివి కదా! ఎందుకు స్టాప్ చేశావ్?" అంది. మా ఆయన కోట్లు తెస్తానని మెల్లగా జారుకున్నారు.

"నీ కాంపిటీషన్ కోసం గరాజ్‌లో పెట్టించావు. చలికి పగిలిపోయింది" అన్నాను. ఇన్నేళ్లలో ఆ మాట తనతో అనడం అదే మొదటిసారి.

"రియల్లీ? ఓ మై గాడ్, నాకు అస్సలు గుర్తులేదు వదినా" అంది, నిజంగానే ఆశ్చర్యపోతూ. వెనక నుంచి స్టూడెంట్లెవరో పిలిస్తే నవ్వుతూ అటు తిరిగింది. కాలం అన్నిటినీ మాన్పుతుందని మొదట అన్నదెవరో గాని, దెబ్బ తిన్నవాళ్లు మాత్రం కాదు, కొట్టినవాళ్లే అయ్యుంటారు.