సుత్తెల చప్పుడు ఆగిన పొద్దు

ఇబ్రహీంపట్నంలో చేతిపనులు నేర్పే బడికి నేను పెద్దసారును. పోలీస్ యాక్షన్ అయి చలికాలం వచ్చినా కమ్యూనిస్టు దళాల కోసం ఊరి చివర వేసిన మిలిటరీ క్యాంపు కదల్లేదు. రాత్రి ఎవరినో పట్టుకుపోయారన్న మాట వినకుండా మాకు తెల్లవారడం లేదు.

ఏడాది సగం గడిచింది కదా, పంతుళ్లకు నాలుగు ధైర్యం మాటలు చెబుదామని ఈ రోజు పొద్దున అందరినీ కూర్చోబెట్టాను. నా మాట వినబడాలని కొలిమి దగ్గర పని కూడా ఆపించాను. "బడి మీదికి ఎవరూ రారు, భయపడకండి" అంటుండగానే గేటు ముందు జీపు ఆగింది.

తుపాకులతో జవాన్లు దిగారు. వెంట వచ్చిన ఊరి పోలీస్ పటేల్ నన్నే అడిగాడు.

"సుత్తెల సప్పుడు ఎందుకు బంద్ జేసిండ్రు సార్? రోజూ క్యాంపు దాకా ఇనొస్తది. ఇయ్యాల ఇనరాకపోతే, లోపటికి దళపోళ్లు వచ్చిండ్రేమోనని వీళ్లకు అనుమానమొచ్చింది."

నాకంటే ముందు కమ్మరం నేర్పే జానయ్య జవాబిచ్చాడు.

"ఏం లేదు పటేలా. భయపడొద్దని సార్ మాకు చెప్తున్నడు."

పటేల్ నవ్వలేదు. "అయితే కొట్టుండ్రి" అన్నాడు.

జానయ్య సుత్తె ఎత్తాడు. మొదటి దెబ్బ పక్కకు పోయింది. రెండో దెబ్బ సరిగ్గా పడ్డాకే జవాన్లు జీపెక్కారు.

ఇది చదువుతున్న మీరు, మీ ఊళ్లో ఏ చప్పుడు ఆగితే భయమేస్తుందో చెప్పండి. ఇక్కడ పొద్దు కుంకింది. జానయ్య ఇంకా ఇనుమేమీ పెట్టకుండా ఉత్త దాగలి మీదే కొడుతున్నాడు. ఇక చాలు, ఇంటికి పొమ్మనడానికి నాకు నోరు రావడం లేదు.