ఫోన్లో డాక్టరమ్మ

లాక్‌డౌన్ పెట్టగానే మా కొత్తవాడలో మగ్గాల చప్పుడు ఆగింది. కల్లు కాంపౌండు కూడా మూతపడింది. ఈ దెబ్బతో మా ఆయన బాగుపడతాడని నేను లోపల్లోపల సంతోషపడ్డాను. ఆయన జంపఖానాలు నేస్తాడు. పెళ్లికి ముందునుంచే కల్లు తాగనిదే పని మొదలుపెట్టని మనిషి. ఆ కల్లులో మత్తుమందు కలుపుతారని, ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికి వస్తుందని నాకప్పుడు తెలియదు.

మొదట చేతులు వణికాయి. తర్వాత నిద్ర దూరమైంది. ఒక పొద్దున ఖాళీ మగ్గం ముందు కూర్చుని, లేని దారాలు తెంపుతున్నాడు. "జర గీ చీమల దులుపు" అన్నాడు నాతో. ఒక్క చీమ కూడా లేదు.

హనుమకొండలో ఉండే మా ఆడబిడ్డకు ఏడుస్తూ ఫోన్ చేశాను. ఇలాంటి వాళ్లను ఫోన్లో చూసే డాక్టరమ్మ నంబరు కనుక్కుని పంపింది. వీడియోలో డాక్టరమ్మ ఆయనను చేతులు చాపమంది. "అన్నా, ఇప్పుడు ఏడున్నవ్?" అని అడిగింది.

"పెండ్లిల ఉన్న. బారాత్ పోతాంది, సప్పుడు ఇనొస్తలేదా?"

బయట వీధిలో మనిషి జాడ లేదు.

"అక్కా, ఇది ఫోన్ల అయ్యే వైద్యం కాదు. దవాఖానకు తీస్కపోవాలె. పక్కింటోళ్ల ఫోన్ల అంబులెన్స్ పిలువు, నేను లైన్లనే ఉంటా" అంది నాతో.

బండి వచ్చేదాకా ఆమె ఆయనను మాటల్లో పెట్టి కూర్చోబెట్టింది.

దవాఖాన నుంచి ఇంటికొచ్చాక వారం వారం ఫోన్లోనే చూసింది. అంతకుముందు మానసిక డాక్టరు దగ్గరికి పోదామంటే "నేనేమన్న పిచ్చోన్నా?" అని లేచి వెళ్లిపోయేవాడు. ఫోనైతే ఎవరూ చూడరు. డాబా మీదికి పోయి మాట్లాడుకునేవాడు.

కాంపౌండు తెరిచాక ఒకరోజు తాగొచ్చాడు. ఇక ఫోన్ ఎత్తడనుకున్నాను. ఎత్తాడు.

"మేడం, నిన్న తాగిన."

"చెప్పినవ్, మంచిగైంది. గోలీలు ఏస్కుంటున్నవా?"

"తిడ్తవనుకున్న."

"తిడితే మల్ల ఫోన్ ఎత్తవు గద అన్నా."

ఆటోలు తిరగడం మొదలయ్యాక హనుమకొండ వెళ్లి ఆమెను నేరుగా కలిశాం. డాబా మీద గంటసేపు మాట్లాడే మనిషి ఆమె ఎదురుగా నోరు తెరవలేదు. "బయటికి పోయి ఫోన్ చేస్తవా అన్నా?" అని ఆమె నవ్వింది. ఆయన నిజంగానే లేచాడు. నేనే చెయ్యి పట్టి కూర్చోబెట్టాను.

తర్వాత కూడా ఒకటి రెండుసార్లు తాగాడు. తాగినప్పుడల్లా తనే ఆమెకు ఫోన్ చేసి చెప్పాడు. ఇప్పుడు తాగడం లేదు. పొద్దున్నే చాయ్ తాగి మగ్గం ఎక్కుతున్నాడు.