గాల్లోకి కొట్టిన మందు

నంద్యాలలో ఒక ఫ్యాక్టరీలో మీటర్లు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూడటం నా ఉద్యోగం. మీటరు చూపించే అంకెను నమ్మడం నాకు చదువుతో వచ్చిన అలవాటు. మా నాయన ఆస్తమాకు వాడే ఇన్హేలర్ వెనక కూడా అలాంటి చిన్న అంకె ఉంటుంది. నొక్కినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది.

నాయన ఆళ్లగడ్డలో దేవుడి విగ్రహాలు చెక్కుతాడు. డాక్టరు రెండు ఇన్హేలర్లు రాసిచ్చినప్పుడు నేనే ఆయనకు వివరించాను. నీలం రంగుది ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే. నారింజ రంగుది బాగున్నా, బాగలేకున్నా రోజూ పొద్దున, రాత్రి. అది పీల్చాక నోరు పుక్కిలించాలి. ఆదివారం ఇంటికి వెళ్లినప్పుడల్లా నారింజ రంగుదాన్ని తిప్పి అంకె చూసేవాడిని. ఎంత తగ్గాలో అంతే తగ్గేది.

అలాంటిది ఒకరోజు మధ్యాహ్నం షెడ్డులో ఉలి పట్టుకునే కూలబడ్డాడు. అమ్మ ఆయన్ని నంద్యాల ఆసుపత్రికి తెచ్చేసరికి పెదాలు నల్లబడ్డాయి. నేను ఫ్యాక్టరీ నుంచి పరుగెత్తుకొచ్చాను. ముక్కుకు మాస్కు పెట్టి మందు పట్టాక ఊపిరి కొంచెం అందింది.

"రోజూ వాడే మందు మానేశారా?" అని డాక్టరమ్మ అడిగింది.

"లేదు మేడం," అని నేను అమ్మ సంచిలోంచి నారింజ రంగు ఇన్హేలర్ తీసి అంకె చూపించాను.

ఆమె నుదురు ముడిపడింది. "ఇంత క్రమంగా వాడుతున్నా ఇలా అయిందంటే, ఈ మందు చాలడం లేదు. దీనికన్నా బలమైనదానికి మారుద్దాం." రాయడం మొదలుపెట్టింది.

అమ్మ ఆమె చెయ్యి పట్టుకున్నంత పని చేసింది. "రాయొద్దు తల్లీ! ఈయప్ప దాన్ని పీల్చనే లేదు. గాల్లోకి కొడతాండాడు."

నాకు అర్థం కాలేదు. "గాల్లోకా?"

"ఊ. వాకిట్ల నిలబడి, దోమలమందు కొట్టినట్ల. నీకు చెప్తే ముద్ద ముట్టనన్నాడు."

నా చేతిలో ఇన్హేలర్ అలాగే ఉంది. మందంతా మా వాకిట్లో గాలికి పోయింది. అంకె ఒక్కటే నా దాకా వచ్చింది.

"ఏంది నాయనా ఇది? ఎందుకట్ల?"

నాయన మాస్కు పక్కకు జరిపాడు. "స్వామి మొగం చెక్కుతాండా. నీళ్లు గూడా చెంబు ఎత్తి పోసుకుంటా, పెదాలు తగలనియ్యను. ఇదేమో పెదాలు బిగించి పీల్చాలంట. ఆ ఎంగిలి చేత్తో ఉలి ఎట్ల పట్టేది?"

"మరి ఆయాసమొస్తే నీలందాన్ని పీలుస్తావు గదా. అది ఎంగిలి కాదా?"

"అప్పుడు పానం పోతాంటాదిరా. పానం పొయ్యేటప్పుడు ఎంగిలేంది?"

"రాత్రయినా పీల్చొచ్చు గదా?"

"రాత్రికి బాగనే ఉంటాది. బాగున్నోడికి మందేంది? అలవాటైతే ఇడిసిపెట్టలేమంటాండారు."

"మరి గాల్లోకి ఎందుకు కొట్టినావు?"

"నువ్వు అంకె చూస్తావు గదప్పా. తగ్గకపోతే అరుస్తావు."

డాక్టరమ్మ తాను రాసిన కాగితం చింపేసింది. "బలమైన మందు కూడా గాల్లోకే పోయేది," అంది. తర్వాత నాయన వైపు తిరిగింది. "దీనికి అలవాటు పడటం ఉండదు పెద్దాయనా. మానేస్తేనే ఈరోజులాగా అవుతుంది. స్నానం ఎప్పుడు చేస్తారు?"

"తెల్లారగానే. పండ్లు తోముకొని, నీళ్లు పోసుకొని, అప్పుడు ఉలి పడతా."

"అయితే పళ్లు తోముకోకముందే పీల్చండి. ఎట్లాగూ నోరు పుక్కిలించాలి, చేతులు కడగాలి. ఉలి పట్టేసరికి ఎంగిలి ఎక్కడుంటుంది? రాత్రిది పడుకోబోయే ముందు."

"అదైతే కుదురుతాది," అన్నాడు నాయన. వెంటనే, "బాగైనాక గూడా రోజూనా?"

"రోజూ," అందామె.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన మరుసటి రోజు తెల్లవారగానే ఆళ్లగడ్డకు ఫోన్ చేశాను. "పీల్చినావా నాయనా?"

అవతలి నుంచి విసుగ్గా అన్నాడు: "మీయమ్మ నా మూతికాడనే కూచోనుండాది. ఆమెనే అడుగు."