ఏమీ చేయనని మాటిచ్చి ఎన్నికల్లో నిలబడ్డ వైనం

ఎన్నికల్లో ఓడిపోయినవాళ్ళు లోకంలో కోకొల్లలు. పోలింగు రోజున, సొంత ఓటర్ల గేదెలను తానే దగ్గరుండి బందెలదొడ్డికి తోలించి ఓడిపోయినవాణ్ణి మాత్రం నాకు తెలిసి నేనొక్కణ్ణే. మీరు నవ్వబోతున్నారని తెలుసు. నవ్వండి. కానీ తప్పు నాది కాదు, కార్పొరేషన్ ఇన్‌స్పెక్టరుది. అప్పుడూ అదే చెప్పాను, ఇప్పుడూ అదే చెబుతున్నాను.

అరవై తొమ్మిది ఉద్యమం గొడవలకు కొంచెం ముందు మాట. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, అశోక్ నగర్‌లో అద్దెకుంటూ, చిక్కడపల్లిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతుండేవాణ్ణి. ఒకరోజు పొద్దున్నే ఇన్‌స్పెక్టరు మనుషుల్ని వెంటబెట్టుకొచ్చి, నిచ్చెన వేయించి నా బోర్డు ఊడదీయించాడు. రోడ్డు మీదికి జానెడు ముందుకొచ్చిందట! పక్కనున్న మిఠాయి కొట్టు బోర్డు మూరెడు ముందుకొచ్చింది. దాన్నెవరూ ముట్టుకోలేదు. ఆ కొట్టు జిలేబీ పొట్లం అప్పుడే ఇన్‌స్పెక్టరు చేతిలో ఉంది. నేను మనుషుల పేర్లు మరిచిపోతానేమో గానీ పొట్లాలను మరిచిపోను.

వార్డు ఎన్నికలు రాగానే నామినేషన్ వేశాను. నా సిద్ధాంతం చాలా సులువు. ఎవరి వాకిలి వారిది, ఎవరి ఇష్టం వారిది. కార్పొరేషన్ ఎవరి జోలికీ పోకూడదు. లైసెన్సులు వద్దు, నోటీసులు వద్దు, ఇన్‌స్పెక్టర్లు అసలే వద్దు. ముఖ్యంగా ఒక ఇన్‌స్పెక్టరు.

మొదటి మీటింగు మా సందు చివర పెట్టాను. మైకు పట్టుకుని గర్జించాను.

“నన్ను గెలిపిస్తే మీకేం చేస్తానని అడుగుతారేమో. ఏమీ చేయను!”

జనం ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. వెనకనుంచి ఒక గొంతు లేచింది.

“ఇప్పుడున్న కౌన్సిలర్ వకీల్ సాబ్ గూడ ఏం చేస్తలేడు గద మాస్టర్ సాబ్. మల్ల నువ్వెందుకు?”

“ఆయన చేస్తానని చెప్పి చేయడం లేదు. నేను చెప్పి మరీ చేయను!”

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లకు నేను పూరీలా పొంగిపోయాను.

అప్పుడు మల్లయ్య లేచాడు. మా ఇంటికి పాలు పోసేది అతనే. పోసేది అంటే చెంబుతో తెచ్చి పోయడం కాదు. గేదెను మా గుమ్మం ముందుకు తోలుకొచ్చి, మా కళ్ళెదుటే పితకాలి. పాలలో నీళ్ళ మీద నాకున్న అనుమానం అలాంటిది. పాపం, అలా ఇంటింటికీ తిప్పుతుంటే దారిలో గేదెలను కార్పొరేషన్ వాళ్ళు పట్టి దొడ్లో పెట్టేవారు. ఆ పూట అతని ఇంట్లో పొయ్యి వెలగడం కష్టం.

“నువ్వు గెలిస్తే నా బర్రెల్ని ఎవ్వలు తోల్కపోరు గద సార్?”

“ఎవడు తోలుకుపోతాడో నేనూ చూస్తాను!”

“యాడ కట్టేసినా?”

“ఎక్కడ కట్టేసినా!”

మల్లయ్య నా రెండు చేతులూ పట్టుకున్నాడు. “మా బస్తీ మొత్తం నీకే సార్.” నేను గెలిచేశాననే అనుకున్నాను. దండలు వేసుకోవడానికి మెడ కూడా సిద్ధం చేసుకున్నాను.

పోలింగు రోజు తెల్లవారి లేచి చూస్తే మా గేటుకు గేదెలు కట్టేసి ఉన్నాయి. ఒకటి గేటుకు అడ్డంగా పడుకుంది. మిగతావి ప్రహరీ గోడ మీది నా పోస్టర్లను, మైదా జిగురు రుచి మరిగి, పీకి తింటున్నాయి. నా పేరు సగం గోడ మీదా, సగం గేదె నోట్లోనూ ఉంది.

“ఏమిటయ్యా ఇది?”

“ఇయ్యాల ఆఫీసోళ్ళు మా బస్తీల తిరుగుతున్నరంట సార్. నీ గేటు కాడ ఐతే ఎవ్వడు ముట్టడు,” అని నిశ్చింతగా చెప్పి, మల్లయ్య పాలు పోయడానికి నారాయణగూడ హోటలుకు వెళ్ళిపోయాడు.

మా ఆవిడ కిటికీలోంచి చూసింది. “ఏవండీ, మీ సిద్ధాంతం గుమ్మంలో పేడ వేసింది.”

సిద్ధాంతం కోసం ఓర్చుకున్నాను. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన పంచె కట్టుకుని బయల్దేరాను. గేటు తెరుచుకోదు. గేదెను అదిలించాను. అది నన్ను ఇన్‌స్పెక్టరు చూసినట్టే చూసి మళ్ళీ కళ్ళు మూసుకుంది. గోడ దూకాను. పంచె గోడకే ఓటేసి సగం అక్కడే ఉండిపోయింది. కింద ఎక్కడ పడ్డానో చెప్పను.

ఇక ఒళ్ళు తెలియలేదు. ఆ అవతారంతోనే పరుగెత్తి వార్డు ఆఫీసులో పడ్డాను. కుర్చీలో ఆ ఇన్‌స్పెక్టరే ఉన్నాడు.

“క్యా మాస్టర్ సాబ్, ఏంది ఇట్ల వచ్చిండ్రు?”

“నా గేటు ముందు గేదెలు! వెంటనే పట్టించండి!”

“ఎవరి ఇష్టం వాళ్ళదని మైకుల చెప్తిరి గద?”

“అది జనం సంగతి. ఇది నా గేటు!”

అతను నవ్వలేదు. ఆ నవ్వకపోవడాన్ని నేనింతవరకు క్షమించలేదు. మనుషుల్ని పంపాడు. గేదెలను తోలుతుంటే నేను ముందు నడుస్తూ “ఇటు, ఇటు” అని దారి కూడా చూపించాను. ఆ దారి పోలింగు బడి ముందునుంచే పోతుందన్న సంగతి బుర్రకు తట్టలేదు. బడి ముందు మల్లయ్య బస్తీ అంతా వరసలో నిలబడి ఉంది.

“అగో, మన బర్రెలు!” అని మల్లయ్య భార్య లచ్చమ్మ కేక పెట్టింది. “ముంగట పోయేది మాస్టర్ సాబే గద!”

ఖాళీ బిందెతో తిరిగొస్తున్న మల్లయ్య నా ముందు ఆగాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“పట్టిచ్చింది నువ్వేనా సార్?” అన్నాడు మెల్లగా. “సరే తీ. ఇంక పిండనివి ఉన్నయి. పొదుగులు గట్టిపడ్తయ్. ఓటు సంగతి పోనియ్, జర వాటిని ఇడిపియ్.”

దొడ్డి దగ్గర ఇన్‌స్పెక్టరును పట్టుకున్నాను.

“ఇయ్యాల ఎలక్షన్ సెలవు. రేపు రండి,” అన్నాడు.

“సెలవు రోజు విడవడానికి వీల్లేనప్పుడు, పట్టడానికి వీలెలా కుదిరింది?”

“మీరే గద పట్టమన్నరు!”

“నేను కోపంలో అన్నాను. మీరు ఆఫీసరు. మీకు కోపం ఎందుకొచ్చింది?”

“నాకు కోపం రాలే!”

“కోపం లేకుండానే నోరులేని జీవాలను పట్టారా!”

ఫిర్యాదు చేయడంలో నాకున్న విద్య అంతా ఆరోజు బయటికి తీశాను. జిలేబీ పొట్లం దగ్గర మొదలుపెట్టి, బోర్డు, నిచ్చెన, మూరెడు, జానెడు, అన్నీ ఏకరువు పెట్టాను. చివరికి దొడ్డి గేటుకు అడ్డంగా, పొద్దున గేదె పడుకున్నట్టే, నేను పడుకున్నాను. ఇన్‌స్పెక్టరు చెవులు మూసుకుని, “తీస్కపోండ్రి! ఈయన్ని గూడ తీస్కపోండ్రి!” అని తాళం తీశాడు.

గేదెలు బయటికొచ్చేసరికి పోలింగు ముగిసింది. నా ఓటు నేనే వేసుకోలేదు. వకీల్ సాబ్ హాయిగా గెలిచాడు. కానీ లెక్కింపులో బస్తీ పెట్టెలో చాలా ఓట్లు నావే! నాకు మతిపోయింది.

“ఎందుకు వేశారయ్యా?”

“వకీల్ సాబ్ మా బర్రెల్ని ఎన్నడన్న ఇడిపిచ్చిండా? నువ్వు దొడ్డి కాడ పండుకున్నవని తెల్వంగనే, వరసల ఉన్నోళ్ళంత నీకే గుద్దిండ్రు,” అన్నాడు మల్లయ్య. “పట్టిచ్చుడు ఎవ్వనికన్న వస్తది సార్. గట్ల కొట్లాడుడు నీకే వస్తది. రేపు వకీల్ సాబ్ కాడికి పోదం. బర్రెలు కట్టేసెతందుకు జాగ అడుగుదం. మాట్లాడెటోడివి నువ్వే.”

వెళ్ళాం. మళ్ళీ మళ్ళీ వెళ్ళాం. నేను నోరు తెరవడమే ఆలస్యం, వకీల్ సాబ్‌కు తలనొప్పి వచ్చేది. చివరికి రాంనగర్ వైపు ఒక ఖాళీ జాగా చూపించి చేతులు దులుపుకున్నాడు. కార్పొరేషనే వద్దన్నవాణ్ణి, కార్పొరేషన్‌తోనే నీళ్ళ తొట్టి కూడా కట్టించాను.

ఇంతా చేసి, నన్ను నిజంగా ఓడించిందెవరో ఓడిపోయిన రాత్రి భోజనం దగ్గర తెలిసింది. మా ఆవిడ తాపీగా మజ్జిగ పోస్తూ చెప్పింది.

“నేనూ వకీల్ గారికే వేశానండీ.”

“నువ్వా? ఎందుకు?”

“ఏమీ చేయనని మైకులో ఊరంతా వినేలా చెప్పారు. పోలింగు నాటి పొద్దున్నే గోడ దూకి, గేదెల్ని తోలించారు. మాట మీద నిలబడని మనిషికి ఓటెలా వేయమంటారు?”

మజ్జిగ అన్నం మీద చెయ్యి పెట్టి అప్పుడే ప్రమాణం చేశాను. ఎమ్మెల్యేగా నిలబడమని పిలిచినా, మేయరు కుర్చీ ఇంటికి తెచ్చిచ్చినా సరే, ఏమీ చేయకుండా కూర్చుంటానని ఈ జన్మలో ఎవరికీ మాటివ్వను. అంత కష్టమైన పని నావల్ల కాదు.