నాయక్ అంటే కులం కాదు

డెబ్బైల మొదట్లో నాకు నలభై నాలుగేళ్లు. తమిళనాడులో ధర్మపురి దగ్గరి పాపారపట్టిలో భూములు కొలుస్తూ, ఊరివాళ్లకు అర్జీలు రాసేవాణ్ణి. చదువు ఐదో తరగతే అయినా నా లెక్క తప్పదని పేరుండేది.

మా మునిసామి మామ సైన్యంలో నాయక్‌గా, అంటే చొక్కా చేతిమీద రెండు పట్టీల హోదాతో, పని ముగించి వచ్చాడు. ఇక్కడ మా తెలుగువాళ్లను నాయకర్లంటారు. ఎవరో గుమాస్తా నాయక్‌ను కూడా కులమే అనుకుని, విడుదల పుస్తకంలో పేరు ‘మునిసామి నాయక్’ అనీ, హోదా ‘సిపాయి’ అనీ రాసేశాడు.

"ఆ పట్టీలు దర్జీతో కుట్టించుకొన్నావా మామా?" అని టీ అంగట్లో ఎగతాళి చేసేవారు. ఆయన అక్కడికి పోవడమే మానేశాడు.

హోదా సరిదిద్దమని అర్జీ నేను రాశాను. సైనిక నంబరు ఒక్కొక్క అంకెనూ మూడుసార్లు సరిచూశాను. ధర్మపురిలో మాజీ సైనికుల ఆఫీసు అధికారి అంతా చదివి, చివరి పంక్తి మీద వేలు పెట్టాడు. మర్యాదకొద్దీ, అలవాటుగా ‘ఇట్లు, మునిసామి నాయకర్’ అని రాసి ఉన్నాను.

"దీన్ని చూస్తే మళ్లీ కులమనే అనుకుంటారు కదయ్యా!" అన్నాడాయన.

నా చెవులు వేడెక్కాయి. మామ మాత్రం నవ్వాడు.

"నాయకర్ పుట్టంగానే వచ్చింది అల్లుడా. నాయక్‌కు పదకొండేండ్లు పట్టింది. అదొక్కటీ రాయి, చాలు."

కొట్టేసి, ‘ఇట్లు, మునిసామి, హోదా: నాయక్’ అని మళ్లీ రాశాను. కొన్ని నెలలకు సరిదిద్దిన పుస్తకం వచ్చింది. మామ దాన్ని చంకన పెట్టుకుని నేరుగా టీ అంగడికి నడిచాడు.

అంకెలు మూడుసార్లు చూసే నేను, అప్పటినుంచి పేర్లు నాలుగుసార్లు చూస్తున్నాను.